మా మామ సాకిన జింకపిల్లను ఏం చేయాలి?

అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు ఒక పల్లె నుంచి ఓ ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరు, ఊరి పేరు వద్దన్నారు. నాలుగు పేజీలను కుదించి ఇస్తున్నాను.

కిందటి వినాయక చవితి వెళ్లిన వారానికి వాళ్ల అత్తగారు పోయారు. ఆనాటి నుంచి మామగారు మాట మానేశారు. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచేవారు, పగలంతా అరుగు మీదే. కార్తీకంలో ఒకనాడు పొద్దున్నే పప్పుశనగ చేన్లోకి పోయినాయన తువ్వాలులో ఏదో చుట్టుకొని వచ్చారు. విప్పితే జింకపిల్ల. మూడు కుక్కలు పడి పీకాయట. వెనక కుడికాలు తొడ దగ్గర కండ ఊడి వేలాడుతోంది. గొర్రెలకు సూదులు వేసే అబ్బాయి వచ్చి కుట్లు వేసి, రెండు ఇంజక్షన్లు ఇచ్చిపోయాడు. ఆ రాత్రి నుంచి మామగారు మేకపాలు పిండి, పాలపీక పెట్టి, రాత్రికి మూడుసార్లు లేచి తాగించారు. పిల్ల బతికింది. ఆయన మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టారు, మొదట దానితోనే.

ఇప్పుడు దానికి అయిదు నెలలు. పిల్లలు ‘చిన్నోడు’ అంటారు, మామగారు ‘నాయనా’ అంటారు. మేకలతో కలిసి మేస్తుంది, రాత్రిళ్లు ఆయన మంచం పక్కనే పడుకుంటుంది. కాలు కొంచెం కుంటుతుంది. ఈ నెల రోజులుగా రెండుసార్లు కడుపు ఉబ్బి, పేడ పలుచగా పడింది. పశువుల డాక్టరు దగ్గరికి పోతే, “అడవి జంతువు, నేను చేయి పెడితే నాకు ఇబ్బంది” అన్నారట. ఈలోగా పక్కింటి కుర్రాడు పిల్లలు చిన్నోడిని ఎత్తుకున్న వీడియో పెట్టాడు, అది ఊళ్లు తిరుగుతోంది. “సల్మాన్‌ఖాన్‌నే కోర్టుల చుట్టూ తిప్పినారు, మీరెంత?” అని ఒకరు. “జింకలు మన చేన్లు మేసిపోతాంటే మీరు జింకను సాకుతారా?” అని ఇంకొకరు. తోట ఉన్న పెద్దమనిషి ఒకాయన ఇరవై వేలు ఇస్తాను, నాకిచ్చేయండి అన్నాడు. భర్త బెదిరిపోయి, తెలిసినవాళ్ల టెంపోలో రాత్రికి రాత్రి ఆత్మకూరు దాటించి నల్లమలలో వదిలేద్దామంటున్నారు. మామగారికి తెల్లారినాక “తప్పించుకొని పోయింది” అని చెబుతారట. మామగారు మాత్రం ఎవరేమన్నా ఒకటే మాట: “వాన్ని యాడికన్నా పంపితే నన్ను గూడా దాంతోనే పంపండి.”

“మా మీద కేసు అవుతుందా సార్? మామను ఎట్ల ఒప్పించాల? చిన్నోడు బతుకుతాడా?” అని ముగించారు.

సమాధానం:

అమ్మా, ముప్పై ఏళ్లు అనంతపురం, కర్నూలు జిల్లాల పశువుల ఆసుపత్రుల్లో పనిచేసినవాడిని. మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలే రాశారు గానీ మీరు రాయని నాలుగోది ఒకటుంది, అది వీటన్నిటికంటే తొందరది. దానితోనే మొదలుపెడతాను.

ఆ పిల్లను కరిచినవి కుక్కలు. ఊరికుక్కలో, చేలకుక్కలో, వాటికి పిచ్చి ఉందో లేదో ఎవరికీ తెలియదు. రేబిస్ కుక్కలకూ మనుషులకే కాదు, పాలిచ్చే జంతువు దేనికైనా వస్తుంది. కాటు పడ్డాక సాధారణంగా రెండు మూడు నెలల్లో బయటపడుతుంది, అరుదుగా ఏడాది దాకా కూడా దాగి ఉంటుంది. అయిదు నెలలుగా చిన్నోడు చలాకీగా ఉన్నాడంటే భయం చాలా వరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. మీ మామగారి చేతులు సేద్యగాడి చేతులు, పగుళ్లు లేకుండా ఉండవు. పాలపీక పట్టిన ఆ చేతుల మీద ఎంత చొంగ పడి ఉంటుందో ఆలోచించండి. ఇంటిల్లిపాదీ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, కుక్కలు కరిచిన జింకపిల్లను సాకామని దాచకుండా చెప్పండి. టీకా ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర్లేదో డాక్టరు చూసి చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. లక్షణాలు రాకముందు ఈ జబ్బును పూర్తిగా ఆపవచ్చు, వచ్చాక మాత్రం దాదాపు ఎవరినీ దక్కించుకోలేం. చిన్నోడు నీళ్లు మింగలేకపోయినా, నోటి వెంట తీగలు సాగే చొంగ కారినా, వెనక కాళ్లు ఈడ్చినా, ఉన్నట్టుండి మీదికి దూకినా, ఎవరూ ముట్టుకోకండి. పిల్లల్ని ముందు దూరం పెట్టండి.

ఇక కడుపు సంగతి. ఏం తినిపిస్తున్నారో మీరు ఉత్తరంలో ఎక్కడో మధ్యలో ఒక్క వాక్యంలో రాశారు: మామగారు తను తినే సంగటిలోంచి ఒక ముద్ద పెడతారని, పిల్లలు బిస్కెట్లు పెడతారని. ఉబ్బరం అక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. జింక నెమరువేసే జంతువు. దాని పెద్దపొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. పిండి, ధాన్యం, తీపి ఒక్కసారిగా పడితే ఆ పులుపు అదుపు తప్పి పొట్టంతా ఆమ్లమవుతుంది. జొన్నల కుప్ప మీద పడి మేసిన మేక మర్నాటికి ఎలా చస్తుందో మీ మామగారు చూసే ఉంటారు. అదే జబ్బు. పెద్దపొట్ట ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ఉబ్బు ముందు ఎడమ డొక్కలో కనిపిస్తుంది. సంగటి, అన్నం, బిస్కెట్లు, రొట్టె మొత్తం మాన్పించండి. గరిక, ఎండుగడ్డి, మంచినీళ్లు చాలు. ఉబ్బింది కదా అని నోరు పైకెత్తి నూనె గానీ సోడా గానీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే న్యుమోనియా వచ్చి చస్తుంది.

ఇప్పుడు కేసు విషయం. అబద్ధపు ధైర్యం చెప్పను. మీ వైపు చేలల్లో తిరిగేది కృష్ణజింక, మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది. ఆ షెడ్యూలులోని జంతువును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత పాతిక వేలకు తగ్గకుండా జరిమానా. చట్టంలో వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడం కూడా. అడవి జంతువు ఎవరి చేన్లో దొరికినా అది ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ తెలపాలి, అడిగితే అప్పగించాలి. మీరు ఆ పని చేయలేదు. అయిదు నెలలయింది. చట్టం కంట్లో మీ తప్పు ఇదీ.

అయితే మీ ఊళ్లో వాళ్లు చెప్పే సల్మాన్‌ఖాన్ జోధ్‌పూర్ కేసుకూ మీకూ పోలిక లేదు. అక్కడ 1998లో జింకల్ని కాల్చి చంపారన్నది ఆరోపణ, 2018లో కింది కోర్టు శిక్ష వేసింది ఆ నేరానికి. మీరు కుక్కల నోట్లోంచి లాగిన ప్రాణాన్ని నిలబెట్టారు. మీ సంగతికి దగ్గరగా ఉండేది ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీలో జరిగింది. అక్కడో రైతు కాలు విరిగిన సారస్ కొంగకు కట్టు కట్టి కాపాడాడు. మానాక అది ఆయన్ని వదిలిపోలేదు, మోటారు సైకిలు మీద పోతుంటే పైన ఎగురుతూ వచ్చేది. వీడియోలు దేశమంతా చూసింది. 2023 మార్చిలో అటవీశాఖ ఆ పక్షిని తీసుకుపోయింది, చివరికి కాన్పూరు జూకు చేర్చింది, ఆ రైతుకు నోటీసు కూడా ఇచ్చింది. ప్రేమగా పెంచినా సరే, వీడియో బయటికొచ్చాక ఇది ఆగదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. మీ వీడియో కూడా ఇవాళో రేపో ఎవరో ఒక అధికారి ఫోన్‌లోకి చేరుతుంది. అంతకు ముందే మీరు వెళ్లడం వేరు, వాళ్లు మీ గుమ్మం ముందుకు రావడం వేరు.

మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ ఎక్కడికి పోతాయో చూద్దాం.

ఇరవై వేల మాట తలుపు దగ్గరే ఆపండి. డబ్బు చేతులు మారిన క్షణం మీరు కాపాడినవాళ్లు కాకుండా పోతారు, అమ్మినవాళ్లవుతారు. దీని గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

మీ ఆయన చెప్పిన నల్లమల. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఇద్దరు పిల్లలున్న ఇల్లు, జైలన్న మాట చెవిన పడ్డాక నిద్ర పట్టదు. అందుకే కోప్పడకుండా చెబుతున్నాను, ఈ పేజీ ఆయనకు కూడా చూపించండి. కృష్ణజింక దట్టమైన అడవిలో బతికేది కాదు, మైదానం జంతువు. విడపనకల్లు, వజ్రకరూరు, అటు ఆలూరు, చిప్పగిరి నల్లరేగడి చేలలో అవి ఎందుకున్నాయి? అక్కడ చూపు ఆనినంత దూరం అడ్డు లేదు కాబట్టి. దూరం నుంచే శత్రువును చూడడం, చూడగానే పరుగెత్తడం, దాని బతుకంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. చెట్లూ పొదలూ కమ్ముకున్న నల్లమలలో ఆ చూపు పనికిరాదు, ఆ పరుగుకు దారి ఉండదు. అది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం, చిరుతలకు కొదవ లేదు. కుంటికాలు, మేకల మందలో పెరిగి కుక్కను చూసినా బెదరని అలవాటు, మనిషి కనిపిస్తే పాలకోసం ఎదురొచ్చే అలవాటు. మొదటి రాత్రి గడవడం కష్టం. ఆ దారిలో చెక్‌పోస్టులున్నాయి. టెంపోలో జింక దొరికితే “వదలడానికి తీసుకుపోతున్నాం” అంటే నమ్మేదెవరు? ఇవాళ మీ చేతిలో ఉన్న సమాధానం, ‘కాపాడాం సార్’ అన్నది, ఆ రాత్రితో పోతుంది. పోనీ మీ పక్కనే జింకల మంద తిరిగే బీడులో వదిలితే? మంద దాన్ని కలుపుకోదు, సాయంత్రానికి మళ్లీ మీ అరుగు దగ్గరికే వస్తుంది. దారిలో కుక్కలు వదిలితే.

ఏమీ చేయకుండా దాచి ఉంచుకోవడం మూడోది. మీ మామగారు కోరేది ఇదే. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో చట్టం కంటే పెద్ద ప్రమాదం ఉంది.

చిన్నోడు మగపిల్ల. ఒకసారి వాడి చెవుల మధ్య, నుదుటి పైన వేళ్లతో తడిమి చూడండి. రెండు చిన్న బుడిపెలు తగులుతాయి. ఏడాది తిరిగేసరికి అవి కొమ్ములవుతాయి, ఆ తర్వాత మెలి తిరుగుతూ మూరెడుకు పైగా పెరుగుతాయి. మందలో పుట్టి పెరిగిన మగజింకకు మనిషంటే భయం, దాని పోట్లాట సాటి మగజింకతోనే. సీసాపాలతో పెరిగినదానికి ఆ భయం ఉండదు, మనిషి దాని లెక్కలో సాటి జింకే. పొగరు వచ్చే వయసులో అది పోటీకి పిలిచేది మనిషినే. ఒక తోటలో ఇలాగే పెంచిన మగజింక, నీళ్లు పెట్టడానికి వంగిన కాపలాదారు తొడలో కొమ్ము దింపడం నేను చూశాను. మూడేళ్లు తన చేత్తో మేపినవాడే. జింకది పగ కాదమ్మా, వయసు. మీ పిల్లలు ఆ కొమ్ముల ఎత్తులోనే ఉన్నారు.

మేకల సంగతీ ఉంది. గాలికుంటు, పీపీఆర్ (గొర్రెలు, మేకలకు వచ్చే ప్లేగు) లాంటి జబ్బులు మేకల నుంచి జింకలకు అంటుకుంటాయి. మంగోలియాలో 2016 చివరలో గొర్రెలు, మేకల నుంచి పాకిన పీపీఆర్‌తో సైగా అనే అడవి జింకలు వేలల్లో చచ్చాయి. మీ మందకు టీకాలు వేయిస్తారు, చిన్నోడికి ఎవరు వేస్తారు? జబ్బు పడిన ప్రతిసారీ, ఇప్పటిలాగే, మీరు డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి రావాలి. దాచినంత కాలం దానికి వైద్యం దొరకదు.

ఆ డాక్టరు గురించి ఒక మాట. ఆయన రాయిలాంటి మనిషి అనుకోకండి. ఎవరో దొంగచాటుగా పెంచుకుంటున్న షెడ్యూలు జంతువుకు చీటీ రాస్తే రేపు ఆయనా జవాబు చెప్పుకోవాలి. అదే జంతువును అటవీశాఖ సిబ్బంది తీసుకొస్తే కాదనడు, మా ఉద్యోగాల్లో ఎన్నోసార్లు అలా చూశాం. అయినా ఆయన మిమ్మల్ని అలా పంపేయకుండా, ‘ముందు అటవీశాఖ బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయండి, నేనిక్కడే ఉంటాను’ అని ఉండాల్సింది. ఆ ఒక్క మాట లేక మీరు నెల పోగొట్టుకున్నారు.

ఇక నాలుగోది, అప్పగించడం. నేను మీ ఇంట్లో ఉంటే దీనివైపే మొగ్గుతాను, కానీ ఇందులోనూ నొప్పి లేకపోలేదు, ముందే చెబుతాను. కేసు అసలు పెట్టరని ఎవరూ హామీ ఇవ్వలేరు. తనంతట తాను వచ్చి, దెబ్బ గుర్తులతో సహా చూపి అప్పగించినవారిని అధికారులు వేటగాళ్లలా చూడడం నా అనుభవంలో లేదు, అంతవరకే చెప్పగలను. చిన్నోడు మళ్లీ స్వేచ్ఛగా చేలమ్మట పరుగెడతాడని కూడా చెప్పలేను. తిరుపతి శ్రీ వెంకటేశ్వర జూ పార్కుకో, కంచె వేసిన జింకల ఆవరణకో పంపే అవకాశమే ఎక్కువ. నంద్యాల జిల్లాలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం, గడ్డి మైదానం, కృష్ణజింకలకు సరిపడే నేల. కానీ మనిషి వెంటబడే మగజింకను నేరుగా అక్కడ వదలడం కుదరదు. తన జాతితో కొన్నాళ్లు కలిపి ఉంచి, మనిషి అలవాటు తగ్గిందో లేదో చూశాకే అలాంటి ఆలోచన. అయిదు నెలల వయసులో ఆ అలవాటు తగ్గే వీలు ఇంకా కొంత ఉంది. కొమ్ములొచ్చాక ఉండదు. అందుకే నెలలు లెక్కపెడుతున్నాను.

వెళ్లేముందు రెండు పనులు చేసుకోండి. కార్తీకంలో తీసిన ఫొటోలు, ఆ పుండువి, కుట్లవి, ఫోన్‌లో ఉంటే భద్రపరచండి. మీరు పట్టుకున్నది ఎందుకో చెప్పే సాక్ష్యం అదే. కొత్తగా వీడియోలు తీయనివ్వకండి. రెండోది, అనంతపురంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ముందు 15100కు ఫోన్ చేసినా సరే. లాయరుతో మాట్లాడి, దొరికిన తేదీ, స్థలం, దెబ్బ, చేసిన వైద్యం, ఇన్నాళ్లు చెప్పకపోవడానికి కారణం, అన్నీ ఉన్నదున్నట్టు ఒక అర్జీగా రాయించుకోండి. తెలియకపోతే తెలియదనే రాయండి. సర్పంచో, ఊళ్లో నలుగురు గౌరవించే మాస్టారో ఒకరిని వెంటబెట్టుకొని అటవీ రేంజ్ ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. తగిన చోటు దొరికేదాకా వాళ్ల పర్యవేక్షణలో మీ దగ్గరే ఉంచమని అడగవచ్చు. ఒప్పుకోవాలన్న నియమం లేదు, అడగడంలో తప్పూ లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు పట్టుబట్టండి. ఎలా తీసుకుపోతారన్నది. ఇది నా మనసులో చాలా ఏళ్లుగా ఉన్న విషయం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆలూరు వైపు పనిచేశాను. ఒక వేసవి మధ్యాహ్నం, ఎదిగిన మగజింకను ట్రాక్టరు ట్రాలీలో తెచ్చారు. బడి కాంపౌండులోకి వచ్చి ఇరుక్కుంటే ఊరంతా కలిసి గంటసేపు తరిమి పట్టుకున్నారట. నాలుగు కాళ్లూ కలిపి మోకు కట్టారు. చుట్టూ నలభై మంది, ఈలలు, కేకలు. భుజం మీద తీగ గీసుకున్న గాటు తప్ప దెబ్బేమీ లేదు. పది నిమిషాల్లో కుట్టేశాను, బతికించానన్న సంతోషంతో ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే వెనక భాగమంతా కట్టెలా బిగిసింది. లేవలేకపోతోంది. కింద తడి ఉంది, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. మూడోరోజు చనిపోయింది. ప్రాణభయంతో మితిమీరి పరుగెత్తి, పెనుగులాడి, ఎండకు ఒళ్లు కాగినప్పుడు కండరాలు లోపలే చితికిపోతాయి. ఆ చితికిన కండలోని రంగు రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేస్తుంది. జింకలు దీనికి చాలా తేలిగ్గా బలవుతాయి. నేను గాటు చూశాను గానీ తరమడం చూడలేదు. ఆ రోజు దాన్ని చంపింది ఆ గంటసేపటి తరుములాట, మోకు, ఎండ.

చిన్నోడు మనుషుల్లో పెరిగినా కొత్త చేతులు, కొత్త వాసన, జీపు శబ్దం వాడికీ భయమే. కాబట్టి అర్జీ ఇచ్చిన రోజే పట్టుకుపోమని అనకండి. చెక్కతోనో ప్లైవుడ్‌తోనో వాడు నిలబడి, పడుకొనేంత పెట్టె చేయించండి. గాలికి పైభాగంలో రంధ్రాలు ఉంటే చాలు, పక్కల నుంచి బయట కనిపించకూడదు. లోపల గడ్డి పరిచి, తలుపు తీసిపెట్టి, వారం రోజులు మేత అందులోనే పెట్టండి. తనంతట తానే లోపలికి పోయి పడుకొనేదాకా తలుపు వేయొద్దు. తీసుకుపోయేది ఈ ఎండల్లో తెల్లవారుజామునే. కాళ్లు కట్టకూడదు. గుంపు చేరకూడదు. బండిలో పాటలు వద్దు, మాటలు కూడా తక్కువ. వీలైతే ఆ డాక్టరును రమ్మనండి, అటవీశాఖ పిలిస్తే ఆయన వస్తారు. ఈ పనులన్నిటికీ సరైన మనిషి ఒక్కరే, మీ మామగారు. పెట్టెలోకి వాడిని పిలవగలిగేది ఆయన గొంతు మాత్రమే.

అందుకే మామను ఎట్ల ఒప్పించాలన్న మీ ప్రశ్నకు వచ్చేసరికి, ఒప్పించాలనే ఆలోచనతో వెళ్లకండి అంటాను. రాత్రికి రాత్రి మాయం చేసి తెల్లారి అబద్ధం చెప్పే పని మాత్రం దయచేసి వద్దు. భార్య పోయిన మనిషి. ఆవిడ పోయేముందు ఆయన చేయగలిగింది ఏమన్నా ఉండిందో లేదో, ఆ దిగులు ఎంతగా తినేసిందో మనకు తెలియదు. ఈ పిల్ల విషయంలో మాత్రం ఆయన చేయి పెట్టారు, అది బతికింది. “తప్పించుకొని పోయింది” అంటే ఆయన చేల వెంట వెతుక్కుంటూ తిరుగుతారు. ఏ కుక్కలు పీక్కుతిన్నాయో అని బతికినన్నాళ్లూ అనుకుంటారు. ఏనాడో ఎవరి నోటనో నిజం తెలిస్తే కొడుకును క్షమించరు.

ఆయన జీవాల మధ్య పుట్టి పెరిగినవారు. చట్టం పేరు చెబితే మొండికేస్తారు, జంతువు సంగతి చెబితే వింటారు. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చొని, “మామా, వాని తల మీద ఒకసారి చేయి పెట్టి చూడు” అనండి. ఆ బుడిపెలు ఆయన వేళ్లకు తగలాలి. సీసాపాలు తాగి పెరిగిన పొట్టేలు పెద్దదయ్యాక ఇంట్లో వాళ్లనే ఎలా కుమ్ముతుందో ఆయనకు మీరు చెప్పక్కర్లేదు. ఆ పొట్టేలుకు ఎంత కొమ్ముంటుంది, వీడికి ఎంతొస్తుంది, ఆయనే లెక్క వేసుకుంటారు. వాడికి ఇంకో జింక మొహం చూపించకుండా మంచం పక్కనే పెట్టుకుంటే వాడేమవుతాడో అడగండి. జవాబు ఆయన్నే చెప్పనివ్వండి. ఆ రోజే చెప్పకపోవచ్చు. రెండు మూడు రోజులు కోపంగా కూడా ఉండొచ్చు. ఆ కోపాన్ని మీరు భరించండి, మీ ఆయన్ని కూడా భరించమనండి.

ఒప్పుకుంటే పెట్టె ఆయన చేతే చేయించండి, ఆఫీసుకు ఆయన్నే తీసుకుపోండి. “ఈయన కాపాడినాడు సార్” అని ఆయన ఎదుట ఒక మాట అనండి, ఊళ్లో ఇంతవరకు ఎవరూ అని ఉండరు. ఎక్కడికి పంపుతున్నారో కాగితం మీద రాయించుకోండి. జూకు పంపితే ఎవరైనా టికెట్ కొనుక్కొని చూడవచ్చు. కానీ మొదటి రెండు మూడు నెలలు వెళ్లకండి, తన జాతిని అలవాటు చేసుకునే కాలమది, ఆయన గొంతు వింటే వాడు మళ్లీ కంచె దగ్గరే నిలబడతాడు. ఇది ఆయనకు ముందే చెప్పాలి, అక్కడికెళ్లాక కాదు.

చివరికి ఆయన ససేమిరా అంటే? అప్పుడు నిర్ణయం మీదీ మీ ఆయనదీ. ఇంట్లో పసిపిల్లలున్నారు కాబట్టి ఆయన కాదన్నా మీరు ఆఫీసుకు వెళ్లాల్సి రావచ్చు. అలాగైతే, వెళుతున్నామని ఆయన మొహం చూసి చెప్పి వెళ్లండి.

చిన్నోడు పోయాక తెల్లవారుజామున నాలుక్కి ఆయనకు మెలకువ వస్తుంది, లేచి చేయాల్సిన పని ఉండదు. ఆ గంటకు ఏదో ఒకటి ముందే చూసి పెట్టండి. మీ మేకల్లో ఏదైనా ఈనబోతుంటే దాని భారం ఆయనకే వదిలేయండి. మనవళ్లలో ఒకరిని ఆయన పక్కన పడుకోబెట్టండి. మళ్లీ అన్నం మానేసి, మాట మానేసి రెండు వారాలు దాటితే వయసు మీద పడిందిలే అని ఊరుకోకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరు మాట్లాడి, తర్వాత ఆయనకు ఫోన్ ఇవ్వవచ్చు.

జింకలు చేన్లు మేస్తుంటే మీరు సాకుతారా అన్నవారికి మీరు జవాబు చెప్పక్కర్లేదు. మీ మామగారు కూడా ఏళ్ల తరబడి రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకొని ఆ జింకల్నే తరిమారని మీరే రాశారు. ఆ రోజు కుక్కల నోట్లోది తన పంట తినే జాతిదని ఆయనకు తెలుసు. తెలిసే తువ్వాలు పరిచారు.

ఆ తువ్వాలు ఇంకా ఉంటే, ఉతక్కుండా, పెట్టెలో గడ్డి మీద వేయమనండి. ఆ వాసన ఉంటే దారిలో వాడు కొంత నెమ్మదిగా ఉంటాడు. మిగతావన్నీ వారం పది రోజుల్లో తేల్చుకోండి. ఆరోగ్య కేంద్రానికి మాత్రం రేపు పొద్దున్నే వెళ్లండి, సంగటి ఈ రాత్రి నుంచే మాన్పించండి.